పైన పొడి, అడుగున బురద

"రోజూ నీళ్లు పోస్తనే ఉన్న గదా అక్కా, ఎందుకు వాడిపాయె?" అని మొన్న పక్కింటి చెల్లె అడిగింది. రెండేళ్ల కింద నేనూ ఇదే మాట అనుకున్నాను.

సోలాపూర్‌లో మా గల్లీ ఇండ్లకు పెరడు లేదు. ఉన్నదల్లా చిన్న డాబా. మట్టి పోస్తే కప్పుకు బరువని కొబ్బరి పొట్టు ఇటుకలు కొన్నాను. బీడీలు చుట్టిన పైసలవి. పన్నెండు మిరప మొక్కలు పెడితే, పూతకొచ్చే వేళకు తొమ్మిది పోయాయి. ఆకు వాడిందని ఇంకా నీళ్లు పోశాను. అదే తప్పు.

చచ్చిన మొక్కను పీకి చూస్తే వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, కంపు కొడుతున్నాయి. పట్టి లాగితే పైతోలు ఊడి లోపలి దారం చేతికొచ్చింది. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది.

వేరుకు నీళ్లెంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం. కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్ల నీరు పట్టుకుంటుంది. ఎండకు పైపొర ఆరిపోతుంది గానీ అడుగు తడిగానే ఉంటుంది. మనం పైన చూసి మళ్లీ పోస్తాం. గాలి ఆడని వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీరు తాగలేదు. అందుకే తడిలో నిలబడి కూడా మొక్క వాడుతుంది.

ముందు కడగాలి. మన మిల్లులో దూది చెత్త మిగిలినట్టే, డొక్కల నుంచి పీచు తీసినప్పుడు ఈ పొట్టు మిగులుతుంది. సముద్రం పక్క ఊళ్లలో డొక్కలను ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టడం కూడా ఉంది. అందుకే పొట్టులో ఉప్పు ఉండొచ్చు. 5 కిలోల దిమ్మె నానితే 65 నుంచి 75 లీటర్ల దాకా పొంగుతుంది కాబట్టి ఒకేసారి అంతా నానబెట్టకండి. కొంచెం కొంచెం పాత బట్టలో మూటగట్టి, నానబెట్టి, పిండండి. ఎర్రగా దిగే నీళ్లు తేటపడేదాకా రెండు మూడుసార్లు చేయాలి. ఆ నీళ్లు మొక్కలకు వద్దు, బాత్రూం కడగడానికి వాడండి. రోజూ నల్లా రాని మనకు అదీ ముఖ్యమే.

కుండీ సంగతి. రెండు పాళ్లు పొట్టుకు ఒక పాలు ఎర్రల ఎరువు, కొంచెం దొడ్డు ఇసుక కలపండి. పాత రంగు డబ్బా అయినా సరే, బాగా కడిగి అడుగున నాలుగైదు బొక్కలు పెట్టి, రెండు ఇటుకల మీద నిలపండి. కింద పళ్లెం పెడితే అందులో నీళ్లు నిలవనీయొద్దు.

నీళ్లు ఎప్పుడు? వేలు రెండు అంగుళాలు లోపలికి గుచ్చండి. కుండీ ఎత్తి చూడండి. తేలికైతేనే పోయాలి. పోసినప్పుడు అడుగు నుంచి కొంచెం కారేదాకా పోయండి, ఉప్పు కూడా దిగిపోతుంది. రోజూ చారెడు చల్లితే ఉప్పు లోపలే పేరుతుంది. అట్లని పూర్తిగా ఎండనిస్తే పొట్టు వెంటనే సరిగ్గా నీరు పట్టకపోవచ్చు, పక్కల నుంచి జారిపోవచ్చు.

తిండి. పొట్టులో మొక్కకు సరిపడా బలం లేదు. పైగా మనం వేసిన కాల్షియాన్ని అదే పట్టేసుకుంటుంది. వారానికొకసారి లీటరుకు 1 గ్రాము 19-19-19, ఇంకో రోజు లీటరుకు 1 గ్రాము కాల్షియం నైట్రేట్ పోయండి. రెండూ ఒకే బకెట్లో కలపొద్దు, తెల్లగా విరిగి అడుగున పేరుకుంటాయి.

కుళ్లు కొంచెమే ఉంటే ఆ వేళ్లు కత్తిరించి కొత్త పొట్టులో పెట్టండి. మొత్తం కుళ్లితే మొక్కతో పాటు పొట్టునూ పారేయండి. అందులో మళ్లీ మిరప, టమాట పెట్టొద్దు.

ఆ రోజు చెల్లె కుండీ ఎత్తబోతే నా చేతికి లేవలేదు. "ఎండిపోలేదే, మునిగిపోయింది. మళ్లీ తేలికయ్యేదాకా నీళ్లు ముట్టకు" అన్నాను. వారానికి కొత్త చిగురు చూపించడానికి నన్ను పిలిచింది. ఇప్పుడు చెంబు పట్టేముందు కుండీ ఎత్తి చూస్తున్నది.