మన ఖబరస్తాన్‌కు మన నేల చెట్టు

నిర్మల్ కొయ్యబొమ్మను చేతిలోకి తీసుకున్నవారికి మొదట ఆశ్చర్యం కలిగించేది దాని తేలికదనమే. ఆ గుణం పొనికి చెట్టుది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అడవులలో పెరిగే ఈ చెట్టు కర్ర మెత్తనిది, ఉలికి సులువుగా లొంగుతుంది. కళాకారులు భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, ఆపై రంగులు వేస్తారు. ఇప్పుడు ఆ చెట్టే అరుదైపోయింది. దాని గింజ పెంకు గట్టిది, అంత సులువుగా మొలకెత్తదు. కర్ర దొరకడం కష్టమైపోతోందన్నది ఆ కళాకారుల పాత ఆవేదన. చెట్టు తరిగిన కొద్దీ దానిపై ఆధారపడిన ఇళ్ల పొయ్యి కూడా చల్లబడుతుంది.

అడవిని కాపాడటం మనబోటివారి ఒక్కరి చేతిలో లేదు. కాని ప్రతి ఊరిలోనూ మన సంరక్షణలో కొంత నేల ఉంది: మసీదు ఆవరణ, ఈద్గాహ్, ఖబరస్తాన్. మొక్కలకూ పెద్దగా కొరత లేదు. 2015 జూలైలో హరితహారం మొదలైంది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం తరువాత గ్రామాలలోనే నర్సరీలు వెలిశాయి. కొరతంతా నాటిన తరువాతి శ్రద్ధకే.

ఈ మాట ఇతరులను ఉద్దేశించి అనడం లేదు. ఒక వర్షాకాలంలో మా వీధివారమంతా కలిసి ఖబరస్తాన్‌లో ఉత్సాహంగా మొక్కలు నాటాము, ఫొటోలు దిగాము. వేసవిలో ఎవరు నీరు పోస్తారన్నది మాత్రం ఎవరమూ అడగలేదు. ఉత్తర తెలంగాణలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మరుసటి వానలకు బ్రతికి ఉన్నవాటిని వేళ్లపై లెక్కపెట్టవచ్చు. మనిషి నాటిన చెట్టు నుండి పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవారికి దానమేనని దైవప్రవక్త (స) తెలిపారు. కాని పక్షి తినాలంటే ముందు చెట్టు బ్రతకాలి కదా!

రెండవసారి పద్ధతి మార్చాము. ఒక్కో మొక్కను ఒక్కో ఇంటికి అప్పగించాము. మూడు వేసవులు దాటించే బాధ్యత ఆ ఇంటిదే. అడుగున చిల్లు చేసి గుడ్డవత్తి పెట్టిన కుండను మొదలు పక్కన పాతితే, నీరు మెల్లమెల్లగా వేరుకు చేరుతుంది. సబ్బు కలవని వుజూ నీటిని మురుగుకాలువలోకి వదలక చిన్న కాలువతో మసీదు మొక్కలకు మళ్లించాము.

ఏ మొక్క నాటాలన్నది కూడా ముఖ్యమే. త్వరగా పెరిగి ఎప్పుడూ పచ్చగా ఉంటుందని కొనోకార్పస్‌ను రోడ్ల వెంట విరివిగా నాటారు. అది మన నేల చెట్టు కాదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడాన్నే నిషేధించింది. మనకు వేప, కానుగ, నేరేడు, రేల, ఇప్ప ఉండగా దాని అవసరమేమిటి? మన రాష్ట్ర వృక్షం జమ్మి. కరీంనగర్ ప్రాంతం నుండి గల్ఫ్ వెళ్లినవారు దానిని అక్కడ 'గాఫ్' అనే పేరుతో చూసే ఉంటారు. యు.ఎ.ఇ. జాతీయ వృక్షం కూడా అదే! ఎడారినే తట్టుకున్న చెట్టుకు మన ఎండలొక లెక్కా? అయితే 'స్థానికం' అన్న మాటను మరీ బిగించి పట్టుకోనవసరం లేదు. ఆఫ్రికా నుండి వచ్చిన చింతను అరబ్బులు 'తమ్‌ర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. అది ఎన్నో తరాలుగా మనతోనే ఉంది, మన పప్పులోనూ పడింది.

ఒక్క జాగ్రత్త. ఇప్ప, నేరేడు వంటి పెద్ద చెట్లను సమాధుల నడుమ కాక ప్రహరీ వెంట, గోడకు ఎడంగా నాటాలి. పొనికి కావాలనుకునేవారు అటవీశాఖ నర్సరీలలో విచారించవచ్చు.

జూన్‌లో వేపపండ్లు రాలతాయి. ఆ గింజను నిలవ ఉంచితే కొద్ది వారాలలోనే మొలకెత్తే శక్తి కోల్పోతుంది. అందుకే ఈసారి మా వీధి పిల్లలు ఏరిన వారంలోనే గింజలను మట్టి నింపిన పాల సంచులలో వేశారు. ఇప్పుడు ఆ సంచులు మసీదు గోడ నీడలో వరుసగా ఉన్నాయి. ఒక్కోదానిపై ఒక్కో ఇంటి పేరు రాసి ఉంది.