ఇంటికి చెదల తనిఖీ – ఖర్చెంత? ఏమి చూడాలి?

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు లింకు డాక్యుమెంట్లు చూపిస్తారు, ఈసీ తీయిస్తారు, వాస్తు చూపిస్తారు. గుమ్మాల్లో చెదలున్నాయా, గోడ మూలల్లో ఎలుక బొరియలున్నాయా అని మాత్రం చూసేవారు తక్కువ. గృహప్రవేశం అయిన కొన్ని నెలలకు తలుపు చెక్క మట్టిలా రాలినప్పుడు కంగారుపడి, దొరికిన మందల్లా తెచ్చి చల్లుతారు. డబ్బు నష్టం ఒక ఎత్తు, ఆ మందులవల్ల కలిగే అనారోగ్యం మరొక ఎత్తు. అందుచేత ఈ విషయం ప్రతి కుటుంబం తెలుసుకోవడం మంచిది.

మీరే చేసుకోగల తనిఖీ

దీనికి ఖర్చు లేదు. ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు, ఒక గంట సమయం చాలు.

1. గుమ్మాలు, కిటికీ చట్రాలు, గోడ అల్మారాల చెక్కలను అడుగు భాగంలో వేలి కణుపుతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తిన్నాయని అనుమానించాలి.

2. గోడల మీద పెన్సిలు మందాన మట్టి గీతలున్నాయేమో చూడండి. అవి చెదలు నడిచే దారులు. ఒకచోట కొంచెం విరిచి, కొన్ని రోజుల తరువాత మళ్ళీ చూడండి. విరిచినచోట కొత్త మట్టి కడితే చెదలు ఇంకా పనిచేస్తున్నట్లే.

3. తొలకరి వానలకు దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు చెదల జాతివే. ఇంటి లోపలి మూలల్లో వాటి రెక్కలు కుప్పగా రాలి ఉంటే, పుట్ట దగ్గరలోనే ఉండవచ్చు.

4. బాత్‌రూమ్ గోడ వెనుక, సింకు కింద చెమ్మ ఉందా? చెదలకు చెమ్మ కావాలి. నీటి కారుడు ఆపకుండా ఎంత మందు కొట్టినా డబ్బు దండగ.

5. చెక్కకు సన్నని రంధ్రాలు పడి పిండిలాంటి పొడి రాలుతుంటే అది చెదలు కాదు, కర్రను తొలిచే పురుగు. దానికి చేసే పని వేరు. ఈ తేడా తెలియక నేలకు మందు వేయించి నష్టపోతుంటారు.

6. ఎలుకల పెంటికలు, కొరికిన కరెంటు వైర్లు చూడండి. అరంగుళం సందు ఉంటే ఎలుక లోపలికి రాగలదు. ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. బొద్దింకల విసర్జన, రాలిన పొట్టు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పిస్తాయి.

అమ్మబోయే ఇంటిలో గుమ్మాల కింది భాగానికి మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే, ఎందుకు వేశారో అడగండి.

ఇతరులతో చేయించే తనిఖీ

పెస్ట్ కంట్రోల్ వారు చాలామంది ఇల్లు చూడటానికి డబ్బు తీసుకోరు, లేదా కొద్దిగా తీసుకుని పని ఒప్పుకుంటే బిల్లులో తగ్గిస్తారు. అయితే చూసేవారే మందు అమ్మేవారు కూడా. కనుక ఇద్దరిని పిలిచి, చూసింది కాగితం మీద రాసి ఇమ్మనండి. తెలిసిన వడ్రంగికి కూలి ఇచ్చి చూపించుకోవడం ఇంకా మంచిది. అతనికి మందు అమ్మే అవసరం లేదు.

ధర సాధారణంగా చదరపు అడుగుకు ఇంత అని చెబుతారు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. తక్కువ ధర అన్నిసార్లూ చౌక కాదు. 900 అడుగుల ఇంటికి ఒకరు అడుగుకు 6 రూపాయలు చెప్పి 1 సంవత్సరం గ్యారంటీ ఇచ్చారనుకుందాం. మొత్తం 5,400. మరొకరు 9 రూపాయలు చెప్పి 5 సంవత్సరాలు ఇచ్చారనుకుందాం. మొత్తం 8,100, అంటే సంవత్సరానికి 1,620 మాత్రమే. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికే. మీకు చెప్పిన ధరతో ఇలాగే లెక్క వేసుకోండి. గ్యారంటీలో మళ్ళీ వచ్చి ఉచితంగా మందు వేస్తారా, బిల్లులో పన్ను కలిసి ఉందా అని కూడా అడగండి.

కట్టిన ఇంటికి చెదల మందు వేసే పద్ధతి భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 లోని మూడవ భాగంలో ఉంది. గోడ, నేల కలిసేచోట సుమారు అడుగుకొకటి చొప్పున రంధ్రాలు వేసి, మందు నీళ్ళు పోసి, తిరిగి మూసివేయాలి. గోడల మీద పైపైన చల్లి వెళ్ళిపోతే ఆ పని జరిగినట్లు కాదు. ఇల్లు కట్టేటప్పుడే పునాదిలో మందు వేయించుకుంటే పగలగొట్టే పని ఉండదు.

తప్పక అడగవలసినవి

- లైసెన్సు చూపించమనండి. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద ఇది ఉండాలి.
- మందు పేరు రాసి ఇమ్మనండి. డబ్బా మీద వజ్రాకారపు గుర్తులో కింది సగం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ క్రమంగా తక్కువ. ఆకుపచ్చ అయినా విషమే.
- బావి, సంపు, బోరు ఎక్కడున్నాయో ముందే చూపించండి. వాటి పక్కన మందు పోయనివ్వకండి.

రోగి ఇంటికి వచ్చేటప్పుడు

బాలింతను, ఆపరేషన్ అయిన పెద్దవారిని డిశ్చార్జి చేసే ముందురోజు ఇల్లంతా మందు కొట్టించడం చాలా కుటుంబాల్లో జరుగుతుంది. ఉద్దేశం మంచిదే, సమయం మంచిది కాదు. పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఆ వాసనకు త్వరగా ఇబ్బందిపడతారు. కొన్ని రోజుల ముందే చేయించి, కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చి, నేల తుడిచిన తరువాత తీసుకురండి. వీలుకాకపోతే చీపురు, సబ్బునీళ్ళు, దోమతెరతో సరిపెట్టుకోండి. మందు పని తరువాత చేయించవచ్చు.

చేయకూడనివి

పొలం మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో ఉంచకండి. దాహంతో పిల్లలు తాగేస్తారు. బొద్దింకల చాక్‌పీసును బడి సుద్దముక్క అనుకుని నోట్లో పెట్టుకుంటారు.

ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను నల్లులకని, ఎలుకలకని గదుల్లో పెట్టకండి. గాలిలోని చెమ్మ తగిలితే వాటినుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పక్క గదిలో నిద్రిస్తున్నవారు కూడా చనిపోవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు.

పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు తిన్నవారు మొదటి ఒకటి రెండు రోజులు బాగానే కనిపించి, తరువాత కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. "బాగానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఉంచకండి.

మందు ఒంట్లోకి వెళ్ళిందని అనుమానిస్తే

నోట చొంగ, చెమటలు, వాంతులు, ఆయాసం, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం చెదల మందుల్లో కొన్నింటి విషలక్షణాలు. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, పాలు, నూనె పట్టకండి. మందు పడిన బట్టలు తీసి ఒంటిని సబ్బుతో కడగండి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. డబ్బాను, సీసాను తప్పక వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే డాక్టరుగారు ఆలస్యం లేకుండా సరైన చికిత్స మొదలుపెట్టగలరు.

ముందుగా చూసుకోవడానికి అయ్యే ఖర్చు ఒక గంట సమయం, లేదా వడ్రంగికి కొద్దిపాటి కూలి. అది చేయకపోతే తలుపులకు, మందులకు, కొన్నిసార్లు ఆసుపత్రికి కూడా ఖర్చు పెట్టవలసి వస్తుంది. అడ్వాన్సు ఇచ్చే ముందే టార్చిలైటు పట్టుకుని ఒకసారి ఇల్లంతా తిరిగి చూడండి.