రుబియా, దీనారు: రెండు నాణేల రాకపోకలు

మాది మాచర్ల. మనామా బజారులో ఒక కోల్డ్ స్టోర్‌లో లెక్కలు చూస్తాను. కిరాణా కొట్టును బహ్రెయిన్‌లో అలాగే అంటారు. మనవాళ్ళు కొత్తగా వస్తే మొదట తికమకపడేది బిల్లు దగ్గరే. చుక్క తర్వాత మూడంకెలుంటాయి. 1.250 అంటే ఒక దీనారు, 250 ఫిల్సులు. దీనారుకు 1000 ఫిల్సులు. పెద్దవయసు బహ్రెయినీలు మాత్రం 100 ఫిల్సుల బిళ్ళను ‘రుబియా’ అంటారు. అది మన రూపాయే!

1965లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. 1959 నుంచి మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా నోట్లు అచ్చువేసింది. దీనారు వచ్చాక పది రూపాయలకు ఒక దీనారు లెక్కన మార్చారు. అందుకే 100 ఫిల్సులకు రూపాయి పేరు మిగిలిపోయింది.

మరి దీనారు ఎక్కడిది? దాని పుట్టిల్లు రోమ్. క్రీ.పూ. 211 ప్రాంతంలో రోమన్లు ‘డెనారియస్’ అనే వెండి నాణెం తెచ్చారు. పది ‘ఆస్’ నాణేల విలువ చేసేది కనుక, లాటిన్‌లో ‘పదేసి’ అనే మాట మీద ఆ పేరు పెట్టారు. వాళ్ళ బంగారు నాణేన్ని కూడా బంగారు డెనారియస్ అనేవారు. తూర్పు దేశాల్లో ఆ పేరు బంగారానికే స్థిరపడి, గ్రీకు, సిరియాక్ భాషల మీదుగా అరబ్బీలో దీనారైంది. 697 ప్రాంతంలో ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలు తీసేసి, అక్షరాలు మాత్రమే ఉన్న 4.25 గ్రాముల బంగారు దీనారు ముద్రించాడు. ఫిల్సు కూడా రోమన్ల ‘ఫోలిస్’ నుంచి వచ్చిందే. స్పెయిన్‌లో డబ్బును ‘దినేరో’ అంటారు. సెర్బియాలో నేటికీ దీనారే చెలామణిలో ఉంది.

ఆ ఖలీఫాకు నాలుగు వందల ఏళ్ళ ముందే ఈ మాట మా కృష్ణ ఒడ్డుకు చేరింది. మూడో శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో, మహాచైత్యమనే బౌద్ధ స్తూపం దగ్గర రాతి స్తంభానికి రాణి రుద్రధర భట్టారిక 170 ‘దీనారి మాషకాలు’ అనే నాణేలు ఇచ్చినట్టు ఉంది. మన బట్టలకూ మిరియాలకూ బదులుగా రోమ్ బంగారం ఓడలెక్కి వచ్చిన రోజుల గుర్తు అది. విజయనగరంలో శ్రీనాథుడికి కనకాభిషేకం చేసింది కూడా దీనార టంకాలతోనేనని ప్రసిద్ధి.

బహ్రెయిన్‌లో పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. సెలవులకు ఊరెళ్ళినప్పుడు వాళ్ళను నాగార్జునకొండకు తీసుకెళ్ళండి. మీ జీతం లెక్కలో ఉన్న మాట పదిహేడు వందల ఏళ్ళ కిందట అక్కడి రాతి మీదకెక్కిందని చెప్పండి.