ఇల్లు పగలగొడుతుంటే పిల్లలెక్కడ?

ఏప్రిల్ ఆఖరి వారంలో బడులకు సెలవులిస్తారు. ఆ మర్నాటి నుంచే హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో సుత్తి దెబ్బలు మొదలవుతాయి. ఎండకు గోడలు త్వరగా ఆరుతాయి. వానలు పడేలోగా కారే బాత్రూం, ఉరిసే స్లాబు బాగుచేయించుకోవాలి. ఆషాఢం వచ్చేస్తే కొత్త పనికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. పైగా పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపేసి పని కానిచ్చుకోవచ్చని లెక్క.

ఈ చివరి లెక్క ఇప్పుడు చాలా ఇళ్లలో కుదరడం లేదు. అమ్మమ్మ ఊళ్లో ఇంటికి తాళం వేసి మనవల్ని చూసుకోవడానికి ఇక్కడికే వచ్చేసింది. ఒక పక్క ఈఎంఐ కడుతూ మరో పక్క అద్దెకు ఇల్లు తీసుకోవడం అందరి వల్లా కాదు. రెండు నెలల కోసమంటే ఇల్లు ఇచ్చేవాళ్లూ తక్కువే. దాంతో పాకే పిల్ల, పరుగెత్తే పిల్లవాడు, వాళ్లను పట్టుకోలేక ఆయాసపడే అమ్మమ్మ, తాపీ మేస్త్రి, ప్లంబరు, కార్పెంటరు, పెయింటరు అందరూ ఒకే డబుల్ బెడ్రూం ఫ్లాట్లో సర్దుకోవాల్సి వస్తోంది.

1990ల చివర్లో, 2000ల మొదట్లో కట్టిన ఫ్లాట్లన్నిటికీ ఇప్పుడు ఒకేసారి మరమ్మతుల కాలం వచ్చింది. గోడలో జీఐ పైపులు తుప్పు పట్టాయి. అప్పటి వైరింగు ఇప్పటి ఏసీల భారం మోయలేదు. సాధారణంగా కబురు కింది ఫ్లాట్ నుంచి వస్తుంది, వాళ్ల సీలింగులో చెమ్మ దిగుతోందని. మా ఇంట్లోనూ అలాగే మొదలైంది. బాబుకు ఐదేళ్లు, పాపకు ఏడాదిన్నర. ఈ పని మొదలుపెట్టబోయే ప్రతి తల్లికీ తండ్రికీ నేను గట్టిగా చెప్పేది ఒకటే. పని వరుస మేస్త్రి వీలును బట్టో, వాస్తును బట్టో కాదు, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లను బట్టి వేసుకోండి. టైల్సు, రంగులు, లామినేట్ల సంగతి ఆ తర్వాత.

ముందు ఏ గది?

కాంట్రాక్టరును అడిగితే అన్ని గదులూ ఒకేసారి కొట్టేద్దామంటాడు. అతని వైపు నుంచి అది సబబే. కూలీలు ఒక్కసారి వస్తే చాలు, డెబ్రీ ఒకే లారీలో వెళ్లిపోతుంది, రేటూ కాస్త తగ్గుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈ పొదుపు వద్దు. తలుపు వేసుకుంటే మామూలు ఇల్లులా ఉండే గది ఒకటి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మిగలాలి. అందులో మంచం, పిల్లల బట్టలు, మందులు, నాలుగు బొమ్మలు, వాళ్లకు అలవాటైన దుప్పటి ఉండాలి. మేస్త్రి మనుషులెవరూ అందులోకి రాకూడదు. ఒక్క సిమెంటు బస్తా కూడా అక్కడ పెట్టనివ్వకూడదు.

పిల్లలు పడుకోబోయే గదిని అన్నిటికన్నా ముందు పూర్తి చేయించాలి. దీనికి కారణం వాసన. కొత్త ప్లైవుడ్, ఎండీఎఫ్‌లలో ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. దాని నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తూ ఉంటుంది. మొదటి వారాల్లో ఎక్కువగా, ఎండా ఉక్కా ఉంటే ఇంకా ఎక్కువగా. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. ప్లైవుడ్ కొనేటప్పుడు ఈ1 కన్నా ఈ0 గ్రేడులో ఇది తక్కువని గుర్తుంచుకోండి. ఆ గది ముందే అయిపోతే, మిగతా ఇంటి పని జరిగినన్నాళ్లూ దాని కిటికీలు, వార్డ్‌రోబ్ తలుపులు తెరిచి గాలికి వదిలేయవచ్చు. అదే గది చివర్లో అయితే, గృహప్రవేశం ఉత్సాహంలో రంగు ఆరీ ఆరకుండానే పిల్లల్ని అందులో పడుకోబెడతాం.

బాత్రూములు రెండూ ఒకేసారి కొట్టించొద్దు. పాత టైల్సు తీసి, పైపులు మార్చి, ప్రెషర్ చూసి, వాటర్‌ప్రూఫింగ్ పూతలు వేసి, తూములు మూసి ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూసి, ఆ తర్వాత టైల్సు వేసి సందులు నింపాలి. ఇందులో ఏ మెట్టును తొందరపెట్టినా కింది వాళ్ల సీలింగు మళ్లీ తడుస్తుంది. రెండోది చేతిలో ఉంటేనే మొదటిదాన్ని నెమ్మదిగా, గట్టిగా చేయించుకోగలం.

దుమ్ములో ఏముంది

ఇసుక, ఇటుక, సిమెంటు ప్లాస్టరు, గ్రానైట్, విట్రిఫైడ్ టైల్... అన్నిట్లోనూ సిలికా ఉంటుంది. గ్రైండరుతో పొడిగా కోస్తే తెల్లటి మేఘం లేస్తుంది. ఆ మేఘం కాసేపటికి కింద పడుతుంది గానీ, కంటికి కనిపించని సన్నటి రజను గంటల తరబడి గాలిలోనే ఉండి ఊపిరితిత్తుల లోతుకు వెళ్తుంది. ఏళ్ల తరబడి పీల్చే రాతి పనివాళ్లకు సిలికోసిస్ తెచ్చిపెట్టేది ఇదే. కొద్ది వారాల పనికి పిల్లలకు ఆ జబ్బు రాదు. కానీ దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఉన్న పిల్లలకైతే రాత్రిపూట నెబ్యులైజరు తప్పవు. పిల్లలు తమ బరువుకు తగ్గ లెక్కలో పెద్దవాళ్లకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. ఆడేది నేల మీద, చేతులు వెళ్లేది నోట్లోకి.

దుమ్ముకన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది పాత తలుపుల మీది ఎనామిల్. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన తెచ్చారు. అది అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకు ముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా తలుపులు, గ్రిల్సు, కిటికీల మీది నిగనిగలాడే పసుపు, నారింజ, ఎరుపు ఎనామిల్‌లలో సీసం ఎంత ఉందో చూసి చెప్పలేం. శరీరంలో ఇంత సీసం ఉంటే ఫరవాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కడుపులోకి వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందనీ చెబుతోంది. దెబ్బ పడేది ఎదిగే మెదడు మీద. అలాంటి తలుపును హాల్లో గోడకు ఆనించి ఎమెరీ పేపరుతో పరపరా రుద్దుతుంటే పక్కన పిల్ల బిస్కెట్ తింటూ కూర్చోవడం చాలా ఇళ్లలో చూస్తాం. పాత రంగును పొడిగా రుద్దనివ్వకండి, మంటపెట్టి కాల్చనివ్వకండి. తలుపు ఊడదీసి బయటికి పంపించండి. కుదరకపోతే తడి చేసి రుద్దించి, ఆ తడి పొట్టును పేపరులోకి ఎత్తి పారేయించండి. బాల్కనీ పైన ఆస్బెస్టాస్ రేకులుంటే పగలగొట్టకుండా, డ్రిల్ వేయకుండా, తడిపి నిండు రేకుగానే దింపించాలి.

మేం చేసిన ఏర్పాటు పెద్ద ఖర్చేమీ కాదు. నడవాకు అడ్డంగా రెండు ప్లాస్టిక్ షీట్లు ఒకదాని మీదకి ఒకటి వచ్చేట్టు టేపుతో అంటించాం. మా గది గడప దగ్గర తడి గోనెపట్టా. పని జరిగే గదిలో కిటికీలు బార్లా తీసి, ఫ్యాన్ ఆపేసి. టైల్ కటింగంతా టెర్రస్ మీద, బ్లేడు మీద నీళ్లు పోస్తూ. చీపురు మాత్రం పూర్తిగా మానేశాం, ఎందుకంటే అడుగున పడిన రజను చీపురు తగిలితే మళ్లీ గాలిలోకి లేస్తుంది. దీపం పెట్టే వేళకు ఇల్లు ఊడవకపోవడమేమిటని మా అమ్మ బాధపడింది. ఆవిడను ఒప్పించడానికి టార్చిలైటు కావాల్సి వచ్చింది. చీకట్లో చీపురు ఒక్క ఊపు ఊపి, లైటు వేసి, వెలుగులో పైకి లేస్తున్న రజను చూపించాను. అది పాప నిలబడే ఎత్తులో సుడులు తిరుగుతోంది. ఆ మర్నాటి నుంచి పూటకోసారి తడిగుడ్డ బకెట్ ఆవిడ చేతుల్లోనే ఉంది.

మేస్త్రితో మాట

మా ఇంటికి పాలమూరు నుంచి మేస్త్రి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా తాపీ పట్టిన మనిషి. పని మాట్లాడుకున్న రోజే చెప్పాను, పాప ఒంటిగంట నుంచి మూడింటి దాకా పడుకుంటుంది, ఆ వేళ సుత్తి వద్దని. ఆయన కాసేపు ఆలోచించాడు.

"గట్లైతే పొద్దుగాల ఎనిమిదింటికే షురూ చేస్తం అమ్మా. మోతపనంత పగటి అన్నంలోపట అయిపోతది. పాప పండుకున్నంక పుట్టీ, పూత పని చేసుకుంటం. కానీ ముందుగాలే చెప్పినవు, మంచిది. నడుమల ఆపుమంటే కూలి మీద పడ్తది."

అదే అసలు సంగతి. పిల్లల కోసం అడిగే ప్రతి విరామానికీ ఎవరో ఒకరి కూలి ఖర్చవుతుంది. ఒప్పందానికి ముందే మాట్లాడుకుంటే అది లెక్కలోకి వస్తుంది. మధ్యలో అడిగితే ఇద్దరికీ మనసు చెడుతుంది. మోతపని వేళలు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తోనూ ముందే చెప్పుకోవాలి. పైఫ్లాట్‌లోనూ ఓ పసివాడుండొచ్చు.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఇంకో షరతు పెట్టండి. థిన్నరు, టర్పెంటైన్, యాసిడ్ ఏవీ తాగే సీసాల్లో పోయకూడదు. పెయింటర్లు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో థిన్నరు పోసుకుని కిటికీ గట్టు మీద పెట్టుకోవడం మామూలు. టైల్సు మీద అంటిన సిమెంటు వదలగొట్టడానికి తెచ్చే యాసిడ్ కూడా అలాంటి సీసాలోనే కనిపిస్తుంది. మండుటెండలో దాహంతో పరుగెత్తుకొచ్చిన పిల్లవాడికి అది సోడా. పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు. థిన్నరు తిరిగి పైకి వస్తూ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ గొంతును రెండోసారి కాలుస్తుంది. సీసా చేత పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలిపి కడగనివ్వకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

నీళ్ల డ్రమ్ములు, మూత తీసిన సంపు, వాటర్‌ప్రూఫింగ్ పరీక్షకు నిలబెట్టిన నీళ్లు కూడా అంతే ప్రమాదం. తప్పటడుగులు వేసే బిడ్డ మునగడానికి బకెట్ అడుగున ఉన్న నీళ్లు చాలు. మునిగిపోతూ కేక వేయరు, నీళ్ల చప్పుడూ పెద్దగా రాదు. నీళ్లు నిలబెట్టిన బాత్రూం తలుపుకు బయట, పిల్లల చేయి అందనంత ఎత్తులో గొళ్లెం పెట్టించండి. తాత్కాలిక వైర్లు లాగే ముందు మెయిన్‌లో 30 మిల్లీ యాంపియర్ల ఆర్సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

బాబు పట్టుకున్న పైపు

పిల్లల్ని పని నుంచి పూర్తిగా దూరం పెట్టాలని నేననను. ఉన్నట్టుండి గోడ మాయమైతే పసివాళ్లు బెదురుతారు. ఎక్కడికి పోయిందో, మళ్లీ వస్తుందో రాదో వాళ్లకు తెలియదు. మా పాప కొన్నాళ్లు కూలిన బాత్రూం వైపు చూడనే లేదు. బాబు తలుపు చట్రం మీద పెన్సిల్‌తో గీసుకున్న ఎత్తు గీతల కోసం ఏడ్చాడు. చట్రం పక్కన పొడవాటి కాగితం పట్టి, ఒక్కో గీతా తేదీతో సహా దాని మీదికి ఎక్కించాకే కార్పెంటరుకు అప్పగించాం.

కటింగులేవీ లేని ఓ సాయంత్రం మేస్త్రి వాణ్ని పిలిచాడు. పారదర్శకంగా ఉండే లెవెల్ పైపులో నీళ్లు నింపి ఒక కొస చేతికిచ్చాడు. "గోడకు ఆనిచ్చి పట్టుకో బిడ్డా, కదలొద్దు." రెండో కొస ఆయన హాలు అవతలి గోడకు పట్టాడు. నీళ్లు కాసేపు అటూ ఇటూ ఊగి నిలిచాయి. బాబు దగ్గర నీళ్లు ఎక్కడున్నాయో అక్కడ పెన్సిల్ గీత, ఆయన దగ్గర ఇంకో గీత. మధ్యలో అంత దూరం, సోఫా, మూటలు, అయినా రెండు గీతలూ ఒకే ఎత్తు. వాడు కొస పైకెత్తి చూశాడు, దించి చూశాడు. ఎన్నిసార్లు మార్చినా నీళ్లు మళ్లీ సమమయ్యాయి. ద్రవాల మట్టం గురించి బడిలో వాడు ఎప్పుడో చదువుకుంటాడు. ఈ లోగా పక్క ఫ్లాట్ పిల్లలందరికీ చెప్పేశాడు.

ఇంకో పసిబిడ్డ

మేస్త్రితో తట్టలు మోయడానికి వచ్చిన అమ్మాయి చంకన రెండేళ్ల కూతురు ఉంది. ఇంత జాగ్రత్త మన పిల్లల కోసం పడి, అదే దుమ్ములో ఆ బిడ్డను ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టడం ఏ లెక్కన చూసినా తప్పు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసి, 2025 దాకా అమల్లో ఉన్న చట్టం, యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట పిల్లల కోసం శిశు సంరక్షణ గది ఉండాలంది. పది లక్షల రూపాయలు దాటని సొంతింటి పనికి ఆ చట్టమే వర్తించదని కూడా అందులోనే రాసి ఉండేది. ఒక ఫ్లాట్ మరమ్మతుకు వచ్చే ఇద్దరు ముగ్గురు కూలీలు అలాంటి లెక్కల్లోకి రారు. వాళ్ల పిల్లల బాధ్యత ఆ ఇంటివాళ్లదే.

మా దుమ్ములేని గదిలోకి ఆ పిల్లనూ తీసుకున్నాం. మా అమ్మ ఇద్దరికీ ఒకే కంచంలో పెరుగన్నం కలిపి పెట్టేది. మొదట్లో తల్లి ఒప్పుకోలేదు, మాటిమాటికీ తట్ట దించి తలుపు దగ్గరికొచ్చి తొంగిచూసేది. అందుకని ఆ తలుపుకు అద్దం ఉన్న వైపు తెర తీసేశాం, పని చేస్తూనే బిడ్డ కనిపించేట్టు. పనివాళ్లకు మంచి మాస్కులూ కళ్లద్దాలూ కాంట్రాక్టరు బిల్లులోనే రాయించాం. గుడ్డ మాస్కు సిలికా రజనును ఆపదు, ఎన్95 కావాలి. పని మాట్లాడుకునే రోజున టైల్ రేటు అడిగినట్టే ఇదీ అడగండి: మీతో పిల్లలెవరైనా వస్తారా, ఎంత వయసు, పాలు ఏ వేళకు తాగుతారు అని.