ఎర్రటి రాశిలో తాలు కాయ కంటికెలా చిక్కుతుంది?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వత్సవాయి చుట్టుపక్కల మిర్చి కల్లాల్లో ఎక్కడ చూసినా ఎరుపే. పట్టాల మీద ఎండిన కాయ, చుట్టూ కూర్చుని తాలు ఏరే ఆడవాళ్లు. కాయకుళ్లు తగిలినవి, మంచుకో వానకో తడిసి తెల్లబారినవి తాలు కింద వేరుపడాలి. కలిసిపోయాయంటే ఖమ్మం యార్డుకు తీసుకెళ్లినా గుంటూరు తీసుకెళ్లినా ధర తెగ్గోస్తారు. ఏరే ఆమె కుడిచేత్తో పిడికెడు కాయ ముందుకు లాగి పలచగా నెరుపుతుంది. అది సర్దుకునేలోపే ఎడమచెయ్యి తాలు కాయ మీద ఉంటుంది. అంత రాశిలో అంత వేగంగా ఎలా?

ముందు కంటి సంగతి చూద్దాం. రాశి మొత్తం స్పష్టంగా కనబడుతోందని మనకు అనిపిస్తుంది గానీ అది నిజం కాదు. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూస్తే అది ఎంత మేర ఉంటుందో, కంటికి పూర్తి స్పష్టత ఉండేది సుమారు అంత మేరే. మిగతాదంతా మసక. అందుకే చూపు సెకనుకు మూడు నాలుగుసార్లు చోటు మారుతుంటుంది. ఈసారి ఎక్కడ వాలాలో తేల్చేది మెదడు.

అది తేల్చడానికి రెండు దారులున్నాయి. ఎరుపు మధ్య తెలుపు దానంతటదే పిలుస్తుంది. రాశి చిన్నదైనా పెద్దదైనా దొరకడానికి పట్టే సమయం పెద్దగా మారదు. ఒకే గుణంతో తేడా ఉన్నది ఇలా తన్నుకొస్తుందనీ, రెండు గుణాలు కలిపి చూడాల్సి వస్తే మాత్రం ఒక్కొక్కటిగా వెతకాల్సిందేననీ 1980లో యాన్ ట్రీస్మన్, గ్యారీ గెలాడ్ ప్రయోగాలు చేసి చెప్పారు. కల్లంలో ఈ రెండూ ఉంటాయి. పూర్తిగా తెల్లబారిన కాయ తన్నుకొస్తుంది. ఒళ్లంతా ఎర్రగానే ఉండి, మొన దగ్గర చిన్న నల్లమచ్చ ఉన్న కాయ అలా రాదు. దాన్ని వెతికి పట్టాలి. అసలు నైపుణ్యం అక్కడే ఉంది.

ఆ వెతుకులాటకు మెదడు వర్కింగ్ మెమరీని వాడుకుంటుంది. చేస్తున్న పనికి కావలసినదాన్ని కాసేపు మనసులో నిలిపి ఉంచే శక్తి అది. ‘నల్లమచ్చ, మొన దగ్గర’ అన్న గుర్తును నిలిపి ఉంచడంలో నుదుటి వెనకున్న భాగానిది ముఖ్యపాత్ర. అక్కడి నుంచి అందే సంకేతాలతో తల వెనకభాగంలో చూపును అందుకునే కణాల్లో ఆ గుర్తుకు సరిపోయేవి మరింత చురుకవుతాయి. నడినెత్తికి కాస్త వెనకున్న పెరైటల్ భాగం ఏ చోటు ముఖ్యమో లెక్కగట్టి చూపును అటు తిప్పుతుంది. పక్షవాతంలో కుడివైపు ఈ భాగం దెబ్బతిన్న కొందరు, కన్ను బాగానే ఉన్నా, కంచంలో ఎడమసగం అన్నం ముట్టకుండా లేస్తారు. వాళ్లకు అది కనబడదని కాదు, మనసు అటు వెళ్లదు.

ఒకేసారి ఎన్ని గుర్తులు పెట్టుకోవచ్చు? ఇది రైతులు కూడా తెలుసుకోవాల్సిన విషయం. రంగు చదరాలు క్షణం పాటు చూపించి దాచేస్తే మనుషులు గుర్తుంచుకోగలిగేవి నాలుగింటికి అటూ ఇటూ అని 1997లో లక్, వోగెల్ చూపారు. కాబట్టి ‘తెల్లబారినవి తియ్యి, మచ్చవి తియ్యి, ముడుచుకున్నవి తియ్యి, తొడిమ ఊడినవి తియ్యి, పుల్లలు కూడా చూడు’ అని ఒక్కసారే పురమాయిస్తే ఏదో ఒకటి జారిపోవడం ఖాయం. అది ఆమె అశ్రద్ధ కాదు. ఎవరి మెదడైనా అంతే.

మరి కబుర్లు చెప్పుకుంటూ ఎలా ఏరగలుగుతారు? మాటలను నిలిపే ఏర్పాటు, చూసినవాటిని నిలిపే ఏర్పాటు చాలావరకు వేర్వేరని బ్యాడ్లీ, హిచ్ 1974లో ప్రతిపాదించారు. అలవాటైన పనిలో ఊరి ముచ్చట్లు చూపుకు పెద్దగా అడ్డురావు. ఫోన్‌లో వీడియో పెడితే మాత్రం తాలు వెతకాల్సిన చూపునే అది లాక్కుంటుంది. ‘మాట్లాడకుండా ఏరండి’ అని కసిరే మేస్త్రీలకు ఈ తేడా తెలిస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

పొద్దున ఏరినంత బాగా మధ్యాహ్నం ఎందుకు ఏరలేరు? ఎండ ఒక కారణం, అదొక్కటే కాదు. బ్రిటన్‌లో నార్మన్ మ్యాక్‌వర్త్ 1948లో ప్రచురించిన ప్రయోగంలో, గడియారం ముల్లు అప్పుడప్పుడూ రెండంగలు ఒకేసారి దూకడాన్ని కనిపెట్టమంటే, మొదటి అరగంట దాటేసరికే జనం వదిలేసేవి పెరిగాయి. మధ్యమధ్య కాసేపు లేచి తిరగనివ్వడం పని ఎగ్గొట్టడం కిందికి రాదు, పనిలో భాగమే.

ఇంకొకటుంది, వింతగా తోస్తుంది. తాలు ఎక్కువున్న రాశిలో కన్నా తక్కువున్న రాశిలోనే తాలు ఎక్కువ పాలు వదిలేస్తాం. 2005లో జెరెమీ వుల్ఫ్ బృందం విమానాశ్రయం తనిఖీని పోలిన ప్రయోగం చేసింది. వెతికే వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు దాన్ని గుర్తించలేకపోయింది 7 శాతం సార్లు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు అది 30 శాతమైంది. ఎంతసేపు చూసినా దొరకకపోతే ‘ఏమీ లేదులే’ అని మెదడు తొందరగా తేల్చేస్తుంది. నడుమ కాసేపు ఎక్కువగా దొరికేవాటిలో వెతికించి, తప్పొప్పులు అక్కడికక్కడే చెబితే, తర్వాత అరుదైనవాటిని వదిలేయడం తగ్గిందని కూడా ఆ బృందమే తర్వాత చూపింది.

కల్లంలోనూ ఇలా చేసి చూడవచ్చు. మేలురకం కాయ ఏరుతున్నవాళ్లను నడుమ కాసేపు తాలు ఎక్కువున్న రాశి దగ్గర కూర్చోబెట్టి, వదిలేసిన కాయ ఉంటే వెంటనే చేతికిచ్చి చూపించాలి. ఆ తర్వాత మళ్లీ మేలురకం దగ్గరికి పంపాలి. రెండో మనిషి చేత ఇంకోసారి చూపించే వీలు ఉంటే ఆ కూలి ఖర్చు పెట్టాల్సింది కూడా ఈ మంచి రాశి మీదే.