గది ఖాళీ... అద్దె మాత్రం ఆగదు!

పాఠాలు ఆగిపోయాయి. లైబ్రరీకి తాళం పడింది. పెట్టె సర్దుకుని పిల్లాడు ఇంటికొచ్చేశాడు. కానీ, మూసిన గదికి అద్దె కట్టాల్సిందే! 2020 మార్చిలో కరోనా విరుచుకుపడినప్పుడు బ్రిటన్‌లో వేలమంది విద్యార్థులకు ఎదురైన చిక్కు ఇది.

'వచ్చే నెల ఖాళీ చేస్తాం' అంటే అక్కడి విద్యార్థి వసతిగృహాల్లో సాధారణంగా కుదరదు. చేరేటప్పుడే విద్యాసంవత్సరం మొత్తానికీ సంతకం పెట్టాలి. చాలాచోట్ల అమ్మానాన్నలో మరొకరో పూచీ పడాలి. నలుగురు కలిసి ఒకే ఒప్పందంతో ఇల్లు తీసుకుంటే ఇంకో తిప్పలు... ఒకరు కట్టని బాకీ మిగతా ముగ్గురి మెడకు చుట్టుకుంటుంది.

మార్చి 23న లాక్‌డౌన్ ప్రకటించాక కొందరు కనికరించారు. విద్యార్థి వసతిలో ఆ దేశంలోకెల్లా పెద్ద సంస్థ యునైట్ స్టూడెంట్స్, ఇంటికి వెళ్లిపోయినవారికి చివరి టర్మ్ అద్దె వదిలేసింది. పలు విశ్వవిద్యాలయాలూ అదే బాట పట్టాయి. అయితే మినహాయింపు గది ఖాళీ చేసినవారికే. మరి వెళ్లే దారే లేనివారో? మార్చి 22 నుంచి మనదేశం అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. అక్కడ చదువుతున్న తెలుగు పిల్లలకు ఇల్లు చేరే వీల్లేదు. మే 7న 'వందేభారత్' మొదలయ్యేదాకా గదే దిక్కు!

స్కాట్లాండ్ మాత్రం దయాదాక్షిణ్యాలకు వదిలేయలేదు. మే నెలాఖరులో ఏకంగా చట్టమే తెచ్చింది. విద్యార్థి వసతిగృహాల్లో అప్పటికే చేరినవారు కరోనా కారణం చూపి 7 రోజుల ముందు నోటీసిస్తే చాలు, ఒప్పందం రద్దయ్యేది. మిగతావారికి 28 రోజులు. విశ్వవిద్యాలయం నడిపినా, ప్రైవేటు సంస్థ నడిపినా అప్పట్లో అదే నియమం.

ఇంగ్లాండ్‌లో అలాంటి హక్కు లేకపోవడంతో ఏమైందో మాంచెస్టర్ చూపించింది. ఆ శరత్కాలంలో విద్యార్థులు మళ్లీ హాస్టళ్లకు వచ్చారు. పాఠాలేమో చాలావరకు ఆన్‌లైన్‌లోనే. నవంబరులో హాస్టళ్ల చుట్టూ కంచె వేస్తే, దాన్ని పీకి పారేశారు. అద్దె కట్టబోమన్నారు. కొందరు ఖాళీగా ఉన్న ఓ టవర్‌లోకి చొరబడి దాదాపు రెండు వారాలు అక్కడే బైఠాయించారు. చివరికి విశ్వవిద్యాలయం మొదటి సెమిస్టర్ అద్దెలో 30 శాతం తగ్గించింది.

ఒకచోట నోటీసు కాగితంతో తేలిపోయిన పనికి మరోచోట అంత పోరాటం! తేడా అంతా చట్టంలో ఉన్న ఆ నాలుగు వాక్యాలదే. అందుకే పిల్లల్ని విదేశాలకు పంపే అమ్మానాన్నలు గది అద్దెతోపాటు మరో మాటా అడగాలి... 'అనుకోనిదేదైనా జరిగితే బయటికి దారేది?' సంతకం పెట్టకముందే!