తలకిందులుగా కరిగే ఉక్కు: పైపు వెల్డర్ల శిక్షణలో దాగిన విజ్ఞానం

ఇంటి గేటు విరిగితే వీధి చివరి వెల్డింగ్ షాపులో పది నిమిషాల్లో అతికించి ఇస్తారు. ఆ అతుకు ఊడినా పెద్ద నష్టం లేదు, మళ్లీ వేయించుకోవచ్చు. కానీ సూపర్‌క్రిటికల్ థర్మల్ విద్యుత్ కేంద్రంలోని ప్రధాన ఆవిరి పైపు సంగతి వేరు. అందులో ఆవిరి వాతావరణ పీడనానికి సుమారు 240 రెట్ల ఒత్తిడితో, 540 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడితో పరుగులు తీస్తుంది. అక్కడ ఒక్క అతుకు తెగినా చుట్టుపక్కల ఉన్నవారి ప్రాణాలకే ముప్పు. అందుకే ఇలాంటి పైపులను అతికే వెల్డర్లకు ప్రత్యేక శిక్షణ, ప్రత్యేక పరీక్ష ఉంటాయి.

పైపు ఎందుకంత కష్టం?

బల్లమీద పరిచిన రేకును వెల్డింగ్ చేసేటప్పుడు చేతిని ఒకే కోణంలో ఉంచి ముందుకు జరిపితే చాలు. పైపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ప్రతి సెంటీమీటరుకూ రాడ్డు కోణం మారాలి. కదలకుండా అడ్డంగా బిగించిన పైపును గోడ గడియారంలా ఊహించుకోండి. వెల్డర్ ఆరు అంకె దగ్గర మొదలుపెడితే అక్కడ పని తల పైకెత్తి చేయాలి. మూడు అంకె దగ్గరికి వచ్చేసరికి అతుకు నిలువుగా ఉంటుంది. పన్నెండు దగ్గర కరిగిన లోహం కింద ఆధారం మీద కూర్చుంటుంది. అంటే ఒకే అతుకులో మూడు రకాల పనులు.

శిక్షణ కూడా ఈ కష్టం పెరిగే క్రమంలోనే సాగుతుంది. 1జీలో పైపును తిప్పుతూ పైభాగంలోనే అతుకుతారు. 2జీలో పైపు నిలువుగా, 5జీలో అడ్డంగా, కదలకుండా ఉంటుంది. 6జీలో పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. ఇక్కడ అన్ని కోణాలూ కలిసి వస్తాయి కాబట్టి, అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం (ఏఎస్ఎంఈ) నియమావళి ప్రకారం 6జీలో నెగ్గిన వెల్డర్ మిగతా స్థితుల్లోనూ పైపులు అతకడానికి అర్హులవుతారు.

కరిగిన లోహం కింద పడదేం?

ఆర్క్ ఉష్ణోగ్రత 6,000 డిగ్రీలు దాటుతుంది. ఉక్కు 1,500 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మరి పైపు అడుగున కరిగిన ఉక్కు వెల్డర్ మీద ఎందుకు కారదు? దీనికి ప్రధాన కారణం తలతన్యత. కుళాయి అంచున నీటి బొట్టు కాసేపు వేలాడేది దీనివల్లే. కరిగిన ఇనుము తలతన్యత నీటికన్నా సుమారు 25 రెట్లు ఎక్కువ. అయితే బొట్టు పెద్దదైతే కుళాయి నుంచి జారిపోయినట్టే, లోహపు మడుగు పెద్దదైతే గురుత్వాకర్షణకు లొంగి కిందికి సాగుతుంది.

కాబట్టి వెల్డర్ నైపుణ్యమంతా మడుగును చిన్నదిగా ఉంచడంలోనే ఉంది. కరెంటు ఎక్కువైతే మడుగు జారుతుంది. తక్కువైతే పైపు అంచులు సరిగా కరగక పైపైన అతుకుతుంది. చేయి నెమ్మదిస్తే లోహం పేరుకుపోతుంది, తొందరపడితే ఖాళీలు మిగులుతాయి. నల్లటి అద్దంలోంచి మడుగు ఆకారాన్ని చూస్తూ, ఆర్క్ శబ్దాన్ని వింటూ క్షణక్షణం చేతిని సరిదిద్దుకోవాలి. ఇది సాధనతోనే పట్టుబడుతుంది.

తొలి వరుసే కీలకం

అతికే ముందు రెండు పైపుల అంచులనూ ఏటవాలుగా చెక్కి, మధ్యలో సుమారు మూడు మిల్లీమీటర్ల సందు వదులుతారు. ఈ సందును పూడ్చే మొదటి వరుసను రూట్ పాస్ అంటారు. పైపు లోపలికి చేయి పట్టదు కాబట్టి, లోపలి వైపు అతుకును కూడా బయటి నుంచే వేయాలి. రాడ్డు ముందు చిన్న తాళపుచెవి రంధ్రం లాంటిది ఏర్పడుతుంటే లోహం లోపలికంటా చేరుతోందని గుర్తు. కీలకమైన పైపులకు ఆర్గాన్ వాయువు రక్షణలో సాగే టిగ్ పద్ధతిలో రూట్ వేసి, పై వరుసలను రాడ్డుతో నింపుతారు. రాడ్డు వాడినప్పుడు ప్రతి వరుస తర్వాత స్లాగ్ అనే పెళుసు పెంకును కొట్టి, బ్రష్‌తో శుభ్రం చేయాలి. వదిలేస్తే అది అతుకు లోపలే చిక్కుకుపోతుంది.

తడి రాడ్డు తెచ్చే ముప్పు

అధిక పీడన పైపులకు ఎక్కువగా వాడే ఇ7018 లాంటి రాడ్లను 'లో హైడ్రోజన్' రాడ్లంటారు. వీటి పూత గాలిలోని తేమను పీల్చుకుంటే, ఆర్క్ వేడికి ఆ నీరు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది. అది ఉక్కులోకి చేరి, అతుకు చల్లారాక గట్టిపడిన భాగాల్లో పగుళ్లు తెస్తుంది. ఈ పగుళ్లు కొన్నిసార్లు ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడవు. సాయంత్రం చక్కగా మెరిసిన అతుకు మర్నాటికి లోపల చీలి ఉండవచ్చన్నమాట. అందుకే రాడ్లను ఓవెన్లో ఆరబెట్టి, వేడి డబ్బాలోంచి కొన్ని కొన్నిగా తీసి వాడడం శిక్షణలో నేర్పే తొలి అలవాట్లలో ఒకటి.

చిన్న లోపం ఎంత దూరం వెళుతుందో 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో తెలిసింది. అలెగ్జాండర్ ఎల్. కీలాండ్ అనే నార్వే వసతి వేదిక తలకిందులై 123 మంది చనిపోయారు. ఆధారంగా ఉన్న ఒక గొట్టపు దూలంపై చిన్న పరికరాన్ని బిగించేందుకు వేసిన వెల్డింగ్‌లో పగులు మొదలై, అలల తాకిడికి పెరుగుతూ పోయి దూలం తెగిందని దర్యాప్తులో తేలింది.

వంచి చూసే పరీక్ష

శిక్షణార్థి అతికిన పైపును ఎక్స్‌రే తీస్తారు, లేదా అతుకు మీదుగా నాలుగు పట్టీలు కోసి ఇంగ్లీషు 'యు' అక్షరంలా వంచుతారు. వంగిన చోట మూడు మిల్లీమీటర్లు మించిన చీలిక కనిపిస్తే ఆ పట్టీ తప్పినట్టే. నెగ్గినవారు కూడా ఆ పద్ధతిలో ఆరు నెలల పాటు వెల్డింగ్ చేయకపోతే అర్హత కోల్పోతారు. చేతి నైపుణ్యం వాడకపోతే తగ్గుతుందని నియమావళి కూడా గుర్తించింది.

మన దేశంలో ఎనిమిదో తరగతి పాసైనవారు ఐటీఐల్లో ఏడాది వెల్డర్ కోర్సులో చేరవచ్చు. పైపు వెల్డింగ్‌కు ప్రత్యేక ట్రేడ్ కూడా ఉంది. తిరుచిరాపల్లిలో బీహెచ్ఈఎల్ ఆధ్వర్యంలోని వెల్డింగ్ పరిశోధన సంస్థ ఉన్నత స్థాయి శిక్షణ ఇస్తోంది. విశాఖ రిఫైనరీ, నౌకా నిర్మాణ కేంద్రంలోనే కాక, తెలుగువారు ఎక్కువగా వెళ్లే గల్ఫ్ దేశాల చమురు పరిశ్రమలోనూ పైపు వెల్డర్లకు పని ఉంటుంది. అక్కడికి ఎంపికలో సర్టిఫికెట్ చూపడంతో సరిపోదు, పైపు మీద అతికి చూపించాలి.

ఈ వృత్తిలో ఆరోగ్యమూ పణంగా ఉంది. ఆర్క్ అతినీలలోహిత కాంతి కళ్లను, చర్మాన్ని దెబ్బతీస్తుంది. వెల్డింగ్ పొగను, ఆ కాంతిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో మానవుల్లో క్యాన్సర్ కారకాలుగా తేల్చింది. సరైన అద్దమున్న హెల్మెట్, తోలు చేతి తొడుగులు, పొగను లాగేసే ఏర్పాటు ఉన్నాయో లేదో శిక్షణలో చేరే ముందే చూసుకోవాలి. ఒక వర్క్‌షాప్ మంచి వెల్డర్లను తయారుచేస్తుందా లేదా అని తెలుసుకోవడానికి అక్కడి ఎలక్ట్రోడ్ ఓవెన్, పొగ గొట్టం పనిచేస్తున్నాయేమో చూడడం మంచి గుర్తు.